ప్రైరీ గోధుమ రైతు: బోర్డు ఉన్న రోజులా, బయటి మార్కెట్టా?

ప్రైరీగాలి (రెజైనా)

అందరికీ నమస్కారం. ఇక్కడ, అంటే కెనడా పశ్చిమాన ప్రైరీ అనే మైదానాల్లో, రైతుల లెక్కల పుస్తకాలు, పన్నులు చూసే ఆఫీసులో నా పని. మా దగ్గరికి వచ్చేవాళ్లలో అరవై దాటిన గోధుమ రైతులు ఎక్కువ. వాళ్ల ముందు కెనడా గోధుమ బోర్డు పేరెత్తితే చాలు, లెక్కలు పక్కకు పోయి వాదన మొదలవుతుంది. బోర్డు గుత్తాధికారం 2012 ఆగస్టు 1న రద్దయింది. ఇన్నేళ్లయినా వేడి తగ్గలేదు. ఒకాయన పీడ వదిలిందంటాడు. ఆయన పక్క పొలం ఆయన మాకు దిక్కు లేకుండా పోయిందంటాడు. ఇద్దరూ ఒకే ఎలివేటర్‌కి, అంటే ధాన్యం కొని నిల్వ చేసి రైలుకెక్కించే గోదాముకి, గోధుమలు తోలేవాళ్లే.

నేను అడిగేది ఒక్కటే. బోర్డు పోయాక రైతు చేతికొచ్చే డబ్బు పెరిగిందా, తగ్గిందా? పార్టీల గొడవ కాకుండా తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కలపద్దు (సస్కటూన్)

వ్యవసాయ ఆర్థికశాస్త్రం చదువుతున్నాను కాబట్టి ముందు బోర్డు ఏం చేసేదో చెప్తాను. అది తెలియకపోతే ఈ గొడవ అర్థం కాదు.

మానిటోబా, సస్కాచెవాన్, అల్బర్టా, బ్రిటిష్ కొలంబియాలో పీస్ రివర్ ప్రాంతం. ఇక్కడ పండిన గోధుమను ఎగుమతి చేయాలన్నా, దేశంలో మనుషుల తిండికి అమ్మాలన్నా బోర్డు ద్వారానే అమ్మాలి. బార్లీకీ అదే రూలు. పశువుల దాణాకు దేశంలోపల అమ్ముకునేదాన్ని 1970లలో వదిలేశారు. ఓట్స్‌ని 1989లో తీసేశారు. కనోలా (నూనెగింజ), బఠాణీ, మసూర్ పప్పు అసలెప్పుడూ బోర్డు కింద లేవు.

రైతు ధాన్యం తోలగానే తొలి విడత డబ్బు చేతికొస్తుంది. దానికి ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం పూచీ. బోర్డు ఏడాది పొడవునా అమ్ముకుంటూ పోయి, వచ్చిన సొమ్మంతా ఒకచోట కలిపి, ఖర్చులు తీసేసి, మిగిలింది పంచేది. నువ్వు సెప్టెంబరులో తోలినా మే నెలలో తోలినా ఒకే రకానికి, ఒకే గ్రేడుకి ఒకే ధర. రేవు దాకా రవాణా ఖర్చు మాత్రం ఎవరి ఊరి దూరాన్ని బట్టి వాళ్లకు. ఆఖరి విడత పంట సంవత్సరం అయిపోయాక, మరుసటి శీతాకాలానికి గానీ అందేది కాదు. దీన్ని పూలింగ్ అంటారు. అమ్మేది ఒక్కరే కాబట్టి ఆ ఏర్పాటును సింగిల్ డెస్క్ అంటారు.

కృష్ణాడెల్టా (తెనాలి)

లెక్కలపద్దు గారూ, అంటే మన దగ్గర వడ్లకు మద్దతు ధర ఇచ్చి ఎఫ్‌సీఐ కొన్నట్టేగా? పేరే తేడా అనిపిస్తోంది.

లెక్కలపద్దు (సస్కటూన్)

కాదండీ, తేడా చాలా ఉంది. మద్దతు ధరను ప్రభుత్వం ముందే ప్రకటిస్తుంది, కొన్న ధాన్యం ప్రభుత్వ సరుకు అవుతుంది, రేషన్‌కి పోతుంది. ఇక్కడ బోర్డు రైతు తరఫున అమ్మిపెట్టేది. ప్రపంచ మార్కెట్లో పలికిన ధరే రైతుకు వచ్చేది. మార్కెట్ తొలి విడత కన్నా కిందికి పడిపోయిన ఏడాదే ఖజానా డబ్బు కలిసేది. ఎఫ్‌సీఐ వద్దు, ఎఫ్‌సీఐ కావాలి అనే మన వాదనలను ప్రైరీ మీద పెట్టి చూస్తే రెండూ తప్పుగా కనబడతాయి.

కల్లం (మూస్‌జా)

నేను ఎలివేటర్‌లో పని చేస్తాను. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. బోర్డు ఎందుకొచ్చిందో కాస్త చెప్తాను.

1923, 24లలో మూడు రాష్ట్రాల రైతులూ ఎవరికి వారు వీట్ పూల్ అని సహకార సంఘాలు పెట్టుకున్నారు. ధాన్యం వ్యాపారులు కోతల కాలంలో ధర తొక్కేసి తర్వాత లాభం చేసుకుంటున్నారని వాళ్ల బాధ. ఆ పూల్స్ బాగానే నడిచాయి. 1929లో రైతుకు బుషెల్‌కి ఒక డాలరు తొలి విడత ఇచ్చాక మార్కెట్ కుప్పకూలింది. పూల్స్ అప్పుల్లో మునిగాయి, ప్రభుత్వాలు పూచీ పడి నిలబెట్టాయి. 1932 చివర్లో విన్నిపెగ్‌లో గోధుమ 38 సెంట్లకు పడింది. బుషెల్ అంటే 27 కిలోల పైచిలుకు. దానికి 38 సెంట్లు. పైగా కరువు, దుమ్ము తుఫాన్లు. పొలాలు వదిలేసి జనం వెళ్లిపోయారు.

ఆ కష్టంలోంచి 1935లో ప్రధాని బెన్నెట్ ప్రభుత్వం బోర్డు పెట్టింది. అప్పుడు అది ఇష్టమైతేనే. ఇష్టం లేనివాళ్లు బయట అమ్ముకోవచ్చు. ఆ తరం వాళ్లకు బోర్డు అంటే ఎందుకంత ప్రాణమో ఆ 38 సెంట్లు తెలిస్తేనే అర్థమవుతుంది.

చినూక్ (లెత్‌బ్రిడ్జ్)

కల్లం అన్నా, 1935 దగ్గర ఆగిపోతే సగం కథే. తప్పనిసరి చేసింది 1943లో. ఎందుకు? యుద్ధంలో గోధుమ ధర పెరుగుతోంటే అదుపులో పెట్టడానికి. అంటే గుత్తాధికారం పుట్టింది రైతుకు ఎక్కువ ఇప్పించడానికి కాదు, ధర పెరగకుండా ఆపడానికి. యుద్ధం అయ్యాక 1946లో బ్రిటన్‌తో ఒప్పందం చేసుకుని మొదటి రెండేళ్లు బుషెల్ 1 డాలరు 55 సెంట్లకు ఇచ్చారు. బయట ప్రపంచంలో ధర అంతకంటే చాలా ఎక్కువ. ఆ నష్టం మోసింది ప్రైరీ రైతే.

అల్బర్టా దక్షిణాన అమెరికా సరిహద్దు పక్కన ఉంటాం మేము. కంచె అవతల మోంటానా ఎలివేటర్‌లో ధర కనబడుతూనే ఉంటుంది. మనది మాత్రం తోలుకుపోకూడదు. అంతగా అమ్ముకోవాలంటే నీ గోధుమను ముందు బోర్డుకు అమ్మి, బోర్డు చెప్పిన ధరకు తిరిగి కొనుక్కుని, అప్పుడు అమ్ముకో అన్నారు. దీన్నే బై-బ్యాక్ అనేవాళ్లు. తన పొలంలో పండిన గింజను తనే కొనుక్కోవడం ఏం న్యాయం? డ్యూరం గోధుమతో పాస్తా ఫ్యాక్టరీ పెట్టుకుందామనుకున్న రైతులకు కూడా ఇదే అడ్డొచ్చింది. అదే తూర్పున ఒంటారియో రైతుకు ఈ బోర్డుతో సంబంధమే లేదు. ఒకే దేశం, ఒకే పంట, రెండు చట్టాలు.

2002 అక్టోబరు ఆఖర్లో మా ఊళ్లోనే 13 మంది రైతులు జైలుకెళ్లారు. సొంత గోధుమను సరిహద్దు దాటించినందుకు వేసిన జరిమానా కట్టబోమన్నందుకు. వాళ్లలో ఒకాయన అవతల పిల్లల క్లబ్బుకి ఒకే ఒక్క బస్తా ఇచ్చాడు. ఇది జరిగాక కూడా బోర్డును రైతు నేస్తం అంటే నేను ఒప్పుకోను.

రెడ్‌రివర్ (విన్నిపెగ్)

చినూక్ గారూ, జైలు సంగతి బాధాకరమే. 2012లో ఆ కేసుల్లో శిక్ష పడినవాళ్లకు అప్పటి ప్రధాని హార్పర్ ప్రభుత్వం క్షమాభిక్ష కూడా ఇచ్చింది. కానీ రైతుల్లో ఎక్కువమంది ఏం కోరుకున్నారన్నది కూడా చూడాలి కదా.

1998లో చట్టం మార్చి బోర్డును రైతుల చేతికిచ్చారు. 15 మంది డైరెక్టర్లలో పదిమందిని రైతులే ఓటేసి ఎన్నుకునేవాళ్లు. 2011 నాటికి ఆ పదిమందిలో ఎనిమిది మంది సింగిల్ డెస్క్ ఉండాలన్నవాళ్లే. అదే చట్టంలో 47.1 అనే సెక్షన్ ఉంది. బోర్డు పరిధిలోంచి పంటను తీయాలంటే బోర్డుతో సంప్రదించాలి, రైతుల ఓటింగ్ పెట్టాలి. 2011లో ప్రభుత్వం ఓటింగ్ పెట్టలేదు. బోర్డే సొంతంగా పెడితే గోధుమకు 62 శాతం, బార్లీకి 51 శాతం ఉంచాలనే అన్నారు. డిసెంబరు 7న ఫెడరల్ కోర్టు జడ్జి డగ్లస్ క్యాంప్‌బెల్ వ్యవసాయ మంత్రి గెరీ రిట్జ్ చట్టాన్ని మీరారని తీర్పిచ్చారు. వారం తిరగ్గానే గుత్తాధికారం తీసేసే బిల్లు చట్టమైపోయింది. తర్వాత అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది, నిజమే. కానీ రైతు చేత ఓటేయించకుండా రైతు సంస్థను తీసేసిన తీరు నాకు ఈరోజుకీ మింగుడు పడదు.

చినూక్ (లెత్‌బ్రిడ్జ్)

ఆ 62 శాతంలో ఉన్న తిరకాసు కూడా చెప్పండి. ఉంచాలా, పూర్తిగా తీసేయాలా అని రెండే గళ్లు పెట్టారు. "బోర్డూ ఉండనీ, నా ఇష్టమైతే బయటా అమ్ముకోనీ" అనే మూడో గడి లేదు. 2007లో బార్లీ మీద ప్రభుత్వం ఓటింగ్ పెట్టినప్పుడు మూడు గళ్లున్నాయి. అప్పుడు 48 శాతం పైగా ఎంచుకునే స్వేచ్ఛ కావాలన్నారు, 38 శాతం దాకా సింగిల్ డెస్క్ అన్నారు. ఇంకో సంగతి, 62 శాతం మంది ఓటేసినా మిగతా 38 శాతం మంది పండించిన గింజ మీద వాళ్లకెందుకు హక్కు?

రెడ్‌రివర్ (విన్నిపెగ్)

మూడు గళ్లు పెడితే ఓటు చీలి, ఎవరికి కావలసిన అర్థం వాళ్లు తీసుకుంటారనే కదా 2007 మీద మావాళ్ల అభ్యంతరం. "బోర్డూ ఉంటుంది, బయటా అమ్ముకోవచ్చు" అనేది వినడానికే బాగుంటుంది. సొంత ఎలివేటర్లు లేని, రేవులో టెర్మినల్ లేని బోర్డు, తన పోటీదారుల ఎలివేటర్ల మీదే ఆధారపడి ఎన్నాళ్లు బతుకుతుంది? 2012 తర్వాత జరిగింది చూశాం. 2015లో బోర్డులో 50.1 శాతం వాటా జీ3 అనే సంస్థకు పోయింది. దాని వెనక ఉన్నది బంగీ అనే ధాన్యం కంపెనీ, సౌదీ అరేబియా ప్రభుత్వ వ్యవసాయ పెట్టుబడి సంస్థ. మిగతా వాటా రైతుల ట్రస్టులో పెట్టారు, ఆ కంపెనీకి ధాన్యం తోలిన రైతుకు టన్నుకు 5 డాలర్ల వాటా అని.

ప్రైరీగాలి (రెజైనా)

చట్టం సంగతి బాగా తెలిసింది, థాంక్స్. కానీ నా ప్రశ్న డబ్బు గురించి. బోర్డు నిజంగా ఎక్కువ ధర తెచ్చేదా?

లెక్కలపద్దు (సస్కటూన్)

దీని మీద 1996లో రెండు పక్కలా అధ్యయనాలొచ్చాయి. క్రాఫ్ట్, ఫర్టన్, టిర్చ్‌నివిచ్ అనే ఆర్థికవేత్తలు బోర్డు ఇచ్చిన అమ్మకాల వివరాలు చూసి, ఒకే అమ్మకందారు కావడం వల్ల గోధుమకు టన్నుకు సగటున 13 డాలర్లకు కాస్త పైన అదనంగా వచ్చిందన్నారు. అదే ఏడాది కార్టర్, లాయిన్స్ అనే ఇద్దరు లేదు, బోర్డు వల్ల పడే కనబడని ఖర్చులు ఆ లాభాన్ని మించిపోయాయన్నారు.

నా అభిప్రాయం చెప్తాను. జపాన్, బ్రిటన్ లాంటి నాణ్యత చూసి కొనే దేశాల్లో బోర్డు ఎక్కువ రాబట్టింది, అనుమానం లేదు. వేర్వేరు దేశాలకు వేర్వేరు ధర చెప్పగలిగేది, మనలోనే ఇంకొకడు వచ్చి తగ్గించి అమ్మే భయం లేదు కాబట్టి. అమెరికా దీన్ని డబ్ల్యూటీఓకి లాగితే 2004లో కెనడాయే గెలిచింది. 1961లో చైనాకు చేసిన పెద్ద అమ్మకం కూడా అలాంటి ఒకే సంస్థ ఉండబట్టే సులువైంది. కానీ మామూలు గోధుమను ప్రపంచంలో అందరూ అమ్ముతారు. అక్కడ కెనడా ఒక్కటే ధర శాసించలేదు.

అందుకే అమ్మకం ధర దగ్గర వాదన తెగదు. నిజంగా డబ్బు పోయేది, మిగిలేది రేవుకూ పొలానికీ మధ్య. దాని గురించి కల్లం అన్న చెప్తే బాగుంటుంది, కళ్లతో చూసిన మనిషి.

కల్లం (మూస్‌జా)

2013లో పంట ఇరగపండింది. పశ్చిమంలో అంత పంట అంతకుముందు ఎన్నడూ లేదు. దేశం మొత్తం మీద గోధుమే 3.7 కోట్ల టన్నుల పైన. బోర్డు పోయిన రెండో పంట అది. ఆ శీతాకాలం చలి ఘోరం. అంత చలిలో బ్రేకులకు గాలి నిలవక రైళ్లు పొట్టిగా కట్టి నడుపుతారు. సీఎన్, సీపీ అనే రెండు రైల్వే కంపెనీలూ వెనకబడిపోయాయి. మా ఎలివేటర్ నిండిపోయి లారీలను వెనక్కి పంపాల్సి వచ్చింది. రైతులు పొడవాటి ప్లాస్టిక్ సంచుల్లో పోసి చేలోనే పెట్టుకున్నారు. వ్యాంకూవర్‌లో ఓడలు లంగరేసి ఎదురు చూశాయి.

ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది ఒకటుంది. రేవులో గోధుమ ధర అంతగా పడలేదు. కొనే దేశాలు కొంటూనే ఉన్నాయి. పడింది మా ఎలివేటర్ పలక మీద రాసే ధర. ఫ్యూచర్స్ ధరకీ (రాబోయే నెలల సరుకుకు ఎక్స్ఛేంజీలో ఇప్పుడే పలికే ధర) ఎలివేటర్ ఇచ్చే ధరకీ మధ్య తేడాను బేసిస్ అంటారు. అది ఆ చలికాలం ఎన్నడూ లేనంత పెరిగింది. గోదాం నిండా ఉన్నప్పుడు "ఇప్పుడు తేవద్దు" అని రైతుకు చెప్పే పద్ధతే అది. కానీ ఆ తేడా డబ్బు ఎక్కడికి పోయింది? రైల్వేలకు ఏడాదికి ఎంత రావచ్చో చట్టంలో గరిష్ఠ పరిమితి ఉంది. కాబట్టి మిగిలింది చాలావరకు ధాన్యం కంపెనీల దగ్గరే. సస్కాచెవాన్ యూనివర్సిటీ ఆచార్యుడు రిచర్డ్ గ్రే ఆ నష్టం బిలియన్ల డాలర్లలో ఉంటుందని లెక్కగట్టారు.

పూలింగ్ ఉన్నప్పుడు రేవులో బోర్డే అమ్మేది. సరుకు ఆగితే ఆలస్యమయ్యేది, ఓడలకు నష్టపరిహారం కట్టాల్సి వచ్చేది, అయినా రేవు ధర మాత్రం రైతుల పూల్లోకే వచ్చేది. మధ్యలో ఎవరూ తీసుకోవడానికి వీలుండేది కాదు. నేను కంపెనీ జీతం తింటున్నవాణ్ణే. అయినా ఈ మాట చెప్పక తప్పదు.

చినూక్ (లెత్‌బ్రిడ్జ్)

బోర్డు ఉంటే రైళ్లు నడిచేవా అన్నా? 1996–97 చలికాలంలోనూ ధాన్యం ఇలాగే ఆగింది, అప్పుడు బోర్డు నిండుగా ఉంది.

కల్లం (మూస్‌జా)

ఆగింది తమ్ముడూ. ఆగితే బోర్డు రైల్వేల మీద కెనడా ప్రభుత్వ రవాణా ఏజెన్సీకి ఫిర్యాదు చేసింది. సీపీ రాజీకొచ్చింది, సీఎన్ తన బాధ్యత నెరవేర్చలేదని ఏజెన్సీ తేల్చింది. 2014లో ఒంటరి రైతు ఎవరి మీద ఫిర్యాదు చేస్తాడు? చివరికి మార్చిలో ప్రభుత్వమే దిగి ఒక్కో రైల్వే వారానికి 5 లక్షల టన్నులు కదిలించాలని ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. స్వేచ్ఛా మార్కెట్ తెచ్చామన్న ప్రభుత్వమే రెండో ఏడాదికల్లా అలా దిగింది. రైల్వే కంపెనీలు రెండే ఉన్న చోట రైతు ఒక్కడే నిలబడి బేరమాడలేడు.

కందిచేను (తాండూరు)

మాకు దగ్గరి సంగతి కాబట్టి అడుగుతున్నా. కెనడా నుంచి మన దేశానికి పసుపు రంగు ఎండు బఠాణీ, మసూర్ ఓడల కొద్దీ వస్తాయి. అవి వచ్చిన ఏడాది కంది ధర మీద దెబ్బ పడుతుంది. అవి బోర్డు లేని పంటలు అన్నారు కదా. మరి 2017లో మన ప్రభుత్వం బఠాణీ మీద 50 శాతం సుంకం వేసినప్పుడు అక్కడి రైతుకు ఏమైంది?

లెక్కలపద్దు (సస్కటూన్)

మంచి ప్రశ్న. నవంబరులో రాత్రికి రాత్రి వచ్చింది ఆ సుంకం. డిసెంబరులో మసూర్ మీద 30 శాతం. ఇక్కడ ధరలు పడ్డాయి, తర్వాతి ఏడాది రైతులు విస్తీర్ణం తగ్గించారు, బఠాణీని చైనా ఎక్కువగా కొన్నది. పూలింగ్ లేదు కాబట్టి సుంకానికి ముందే అమ్ముకున్నవాడు బాగుపడ్డాడు, గాదెలో దాచుకున్నవాడు దెబ్బతిన్నాడు. ఒకే ఊళ్లో ఇద్దరికీ అంత తేడా రావడం గోధుమకు బోర్డు రోజుల్లో జరిగేది కాదు.

కానీ చినూక్ గారి పక్షాన ఒకటి చెప్పాలి. అసలు సస్కాచెవాన్ రైతు మసూర్, బఠాణీ, కనోలా వైపు అంతగా మళ్లడానికి ఒక కారణం ఇదే. అవి ఎప్పుడు కావాలంటే అప్పుడు అమ్ముకోవచ్చు, డబ్బు వెంటనే వస్తుంది. అప్పు వాయిదా కట్టాల్సిన కుర్ర రైతుకు ఆఖరి విడత వచ్చేదాకా ఆగడం కుదరదు.

కందిచేను (తాండూరు)

అంటే మా సుంకం అక్కడి రైతును తాకింది, అక్కడి ఓడలు మా రైతును తాకుతాయి. ఇద్దరికీ ముందుగా చెప్పేవాళ్లు లేరు. అర్థమైంది, ధన్యవాదాలు.

రెడ్‌రివర్ (విన్నిపెగ్)

చర్చిల్ రేవు సంగతి ఎవరూ ఎత్తలేదు. హడ్సన్ బే మీద ఉన్న ఆ రేవుకు ధాన్యం తెచ్చిపెట్టింది చాలావరకు బోర్డే. పెద్ద కంపెనీలకు వ్యాంకూవర్‌లో, థండర్ బేలో సొంత టెర్మినల్స్ ఉండగా చర్చిల్‌కు ఎందుకు పంపుతాయి? 2016లో అక్కడ ధాన్యం ఎగుమతి ఆపేశారు. 2017 మే వరదల్లో రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. ఆ ఊరికి వేరే రోడ్డు లేదు. సరుకులకు విమానమే దిక్కయింది. ధర లెక్కల్లో ఇలాంటి ఊరి నష్టం కనబడదు.

చినూక్ (లెత్‌బ్రిడ్జ్)

ఒక ఊరి రేవును బతికించడానికి ప్రతి రైతు గోధుమనూ కట్టిపడేయాలా? రేవు కావాలంటే ప్రభుత్వం నేరుగా డబ్బు పెట్టాలి. 2018లో కొత్త యజమానులకు అప్పగించేటప్పుడు అలాగే పెట్టింది కూడా.

ఇంకో మాట. ఒకే అమ్మకందారు చేతిలో పెడితే ఏమవుతుందో ఆస్ట్రేలియాను చూడండి. అక్కడి గోధుమ బోర్డు 1999లో ప్రైవేటు కంపెనీగా మారినా ఎగుమతి గుత్తాధికారం ఉంచుకుంది. సద్దాం కాలంలో ఇరాక్‌కి గోధుమ అమ్మడానికి లంచాలిచ్చింది. కోల్ అనే ఆయన విచారణ కమిషన్ 2006లో బయటపెట్టింది. 2008లో ఆ గుత్తాధికారం తీసేశారు. అక్కడ రైతులు ఇప్పుడు హాయిగా అమ్ముకుంటున్నారు.

లెక్కలపద్దు (సస్కటూన్)

ఆస్ట్రేలియా పొలాలు రేవులకు దగ్గర. సస్కాచెవాన్ మధ్య నుంచి వ్యాంకూవర్ 1,500 కిలోమీటర్ల పైన, మధ్యలో రాకీ పర్వతాలు. అందుకే అక్కడ గుత్తాధికారం పోయిన ఫలితాన్ని ఇక్కడికి తెచ్చి అంటించలేం.

ప్రైరీగాలి (రెజైనా)

మీరంతా చెప్పింది చదివాక నాకు ఒకటి తేలింది. చినూక్ గారు అడిగిన స్వేచ్ఛ న్యాయమైనదే. మా క్లయింట్లలో సొంత గాదెలు, అప్పు లేని భూమి ఉన్నవాళ్లు ఇప్పుడు నిజంగా బాగా అమ్ముకుంటున్నారు. కానీ కోతలు కాగానే బ్యాంకుకి కట్టాల్సినవాళ్లు ఎలివేటర్ చెప్పిన బేసిస్‌కే ఇచ్చేస్తున్నారు. కొనేవాళ్లు కూడా తగ్గిపోయారు. రైతుల పూల్స్ ఒకదాన్లో ఒకటి కలిసి వైటెరా అనే కంపెనీ అయ్యాయి, దాన్ని 2012లో గ్లెన్‌కోర్ అనే బహుళజాతి వ్యాపార సంస్థ కొన్నది, 2025లో అది బంగీలో కలిసింది.

మరి ఇప్పుడు ఏం అడగాలి? బోర్డు తిరిగి రాదని మా పెద్దాయనలు కూడా ఒప్పుకుంటారు.

కల్లం (మూస్‌జా)

ముందు ధరలు బయటపెట్టమని అడగాలమ్మా. అమెరికాలో ఎగుమతి కంపెనీలు ఎంత అమ్మాయో, ఏ దేశానికో వారం వారం ప్రభుత్వానికి చెప్పాలి, అది అందరికీ కనబడుతుంది. కెనడాలో అలాంటి తప్పనిసరి లేదు. రైతు సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. బోర్డు ఉన్నప్పుడు కనీసం రైతులు ఎన్నుకున్న పదిమందికి రేవు ధర తెలిసేది. ఇప్పుడు మా కంపెనీ లాంటివాళ్లకు తెలుసు, రైతుకు తెలియదు.

చినూక్ (లెత్‌బ్రిడ్జ్)

దీనికి నేనూ సంతకం పెడతాను అన్నా. కొనేవాడికి తెలిసిన ధర అమ్మేవాడికి తెలియకపోతే అది మార్కెట్టే కాదు. ప్రైరీగాలి గారూ, మీ క్లయింట్లు బేసిస్‌ను వారం వారం రాసిపెట్టుకుంటున్నారా? నాలుగైదు ఎలివేటర్ల లెక్క ఒకచోట పెడితే నాకు పంపండి, లెత్‌బ్రిడ్జ్ వైపు లెక్క నేను కలుపుతాను.

ప్రైరీగాలి (రెజైనా)

కొందరు రాస్తారు. పేర్లు, పొలాల వివరాలు తీసేసి, వాళ్ల అనుమతి తీసుకుని ఈ కోతల నుంచే మొదలుపెడతాను. కల్లం గారూ, ప్రొటీన్ 13.5 శాతం ఉన్న ఎర్ర స్ప్రింగ్ గోధుమ (వసంతంలో విత్తేది) ఒక్కటే తీసుకుంటే పోలిక సరిగ్గా వస్తుందా, డ్యూరం కూడా కలపాలా?

కల్లం (మూస్‌జా)

రెండూ రాయండి, కానీ విడివిడిగా. డ్యూరంకి ఇక్కడ ఫ్యూచర్స్ లేదు, కాబట్టి దానికి బేసిస్ లెక్క కుదరదు. ఎలివేటర్ ఇచ్చిన ధర, తేదీ, గ్రేడు రాస్తే చాలు.